వెనుక చక్రాలు వెడల్పు చేసే ముందు ధర్మకాంట చీటీ తీసుకోండి

తమ్ముడూ, మీ ప్రశ్న చదివిన మిగతావారికి కూడా విషయం అర్థం కావాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెబుతాను. దేవరకొండ దగ్గర బత్తాయి తోట. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డబుల్ క్యాబ్ పికప్, ఫోర్ బై ఫోర్. కంపెనీ నుంచి వచ్చినవి 17 అంగుళాల రిమ్ములు, వెడల్పు 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ ప్లస్ 33, టైర్లు 255/65 ఆర్17 (వెడల్పు 255 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 17 అంగుళాలు). వెనుక కమాన్ పట్టీల కింద 2 అంగుళాల బ్లాకులు పెట్టించి బండిని లేపారు. ఇప్పుడు వెనుక రెండింటికి మాత్రం 9 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ సున్నా ఉన్న రిమ్ములు, వాటి మీద 285/70 ఆర్17 టైర్లు వేయాలని మీ కోరిక. షాపు అతను ‘లోపల తగిలితే స్పేసర్ వేద్దాం’ అన్నాడు. స్పేసర్ అంటే యాక్సిల్ చివర చక్రం బిగించే హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే లోహపు బిళ్ల. కమాన్ పట్టీలకు తగులుతుందా, స్పేసర్ అవసరమా అన్నది మీ సందేహం.

తగలదు. స్పేసర్ అవసరం లేదు. కానీ మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదు.

ముందు తగలదని ఎలా చెబుతున్నానో చూడండి, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి వస్తే ఏ షాపు అతని మాట మీదా ఆధారపడనక్కరలేదు. రిమ్ము వెడల్పుకు నడిమి గీత ఒకటి ఊహించుకోండి. హబ్‌కు ఆనుకునే ముఖం ఆ గీత నుంచి ఎంత దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. ముఖం బయటివైపు ఉంటే ప్లస్, లోపలివైపు ఉంటే మైనస్, సరిగ్గా గీత మీద ఉంటే సున్నా. రిమ్ము 7 నుంచి 9 అంగుళాలకు పెరిగితే ఒక్కో వైపు ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. పెరిగినట్టు. ఆఫ్‌సెట్ 33 నుంచి సున్నాకు వచ్చింది కాబట్టి చక్రం మొత్తం 33 మి.మీ. బయటకు జరిగింది. లోపలి అంచు 25.4 లోపలికి వచ్చి 33 బయటకు పోయింది. అంటే కమాన్ పట్టీకి ఇప్పుడున్న దానికంటే దాదాపు 8 మి.మీ. ఎక్కువ ఖాళీ వస్తుంది. టైరు పొట్టతో లెక్క కాస్త అటూ ఇటూ అయినా దిశ మారదు. లోపల మీకు ఇబ్బందే లేదు.

ఇప్పుడు బయటివైపు చూడండి. 25.4, 33 కలిపితే 58 మి.మీ. ఒక్కో చక్రం అరచేయి వెడల్పులో ముప్పాతిక వంతు బయటకు పొడుచుకొస్తుంది. ఆ షాపు అతను దీని మీద మళ్లీ స్పేసర్ అంటున్నాడంటే ఆఫ్‌సెట్ అంటే ఏమిటో అతనికి తెలియదు, లేదా స్పేసర్లు అమ్ముడుపోక మిగిలాయి.

ఈ 58 మి.మీ. చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ పికప్పుల వెనుక యాక్సిల్ చాలావరకు సెమీ ఫ్లోటింగ్ రకం. పెద్ద లారీల్లో బరువును యాక్సిల్ బయటి గొట్టం, అంటే హౌసింగ్ మోస్తుంది, లోపలి షాఫ్టు తిప్పడం వరకే. మీ బండిలో అలా కాదు. తిప్పేదీ మోసేదీ ఆ షాఫ్టే, దాని చివర ఉన్న బేరింగే. చక్రం నడిమి గీత 33 మి.మీ. బయటకు జరిగితే, అదే బరువు బేరింగ్‌ను, షాఫ్టును అంత ఎక్కువగా వంచుతుంది. నిండు బిందెను చంకన పెట్టుకుని నడవడానికీ, చేయి చాచి పట్టుకుని నడవడానికీ ఉన్న తేడా ఇది. ఖాళీ బండికి పెద్దగా తెలియదు. తోట నుంచి కాయ నింపుకొని, మాల్ మీదుగా బాటసింగారం మార్కెట్ దాకా ఒకే ఊపున నడిపే బండికి తెలుస్తుంది. మొదట ఆయిల్ సీలు కారి బ్రేకు డ్రమ్ము లోపల తడి కనిపిస్తుంది, తర్వాత బేరింగ్ గురగురలాడుతుంది. ఆ శబ్దాన్ని టైరు శబ్దం అనుకుని చాలామంది నెలల తరబడి తిరుగుతారు. మట్టి దారి టైర్లు ఎలాగూ రొదగానే మోగుతాయి కాబట్టి తేడా పట్టుకోవడం కష్టం కూడా.

అయినా అసలు సమస్య వెడల్పు కాదు, ఎత్తు. 255/65 ఆర్17 టైరు మొత్తం వ్యాసం 763 మి.మీ. 285/70 ఆర్17 టైరుది 831. దాదాపు 9 శాతం పెద్దది. మీ ముందు చక్రాలు పాతవే ఉంటాయి. ముందు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి 2.40 మీటర్లు పోతుంది, వెనుక చక్రం ఒక చుట్టుకు 2.61 మీటర్లు పోతుంది. రెండు చక్రాల మీద నడిచినంత సేపు ఎవరి లెక్క వాళ్లది, గొడవ లేదు. ఫోర్ బై ఫోర్ వేసిన క్షణం ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజను శక్తిని ముందు వెనుక చక్రాలకు పంచే గేరు పెట్టె, ముందు ప్రొపెల్లర్ షాఫ్టును, వెనుక షాఫ్టును ఒకదానికొకటి బిగించేస్తుంది. రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. చక్రాలేమో ఒకే దూరానికి వేర్వేరు చుట్లు తిరగాలంటాయి. ఈ పేచీ తీరాలంటే ఏదో ఒక టైరు నేల మీద జారాలి. జారకపోతే గేర్లు, చైను, షాఫ్టు క్రాసులు మెలిపడతాయి. లీవర్ మళ్లీ వెనక్కి రాకుండా బిగుసుకుంటుంది. ‘బురదలో జారుతుంది కదా’ అని మీరు అనవచ్చు. తుంగతుర్తి నుంచి హాలియా దాకా ఎవరి చెలకైనా తీసుకోండి, ఒక చక్రం బురదలో ఉంటే పక్క చక్రం గట్టి గట్టు మీదే ఉంటుంది. పట్టు దొరికిన చోటే ఏదో ఒకటి విరుగుతుంది. ఫోర్ బై ఫోర్ ఉన్న బండికి ముందూ వెనుకా వేర్వేరు వ్యాసాలు వేయడం కుదరదు. ఈ ఒక్క మాట మీద నేను బేరమాడను.

ఏబీఎస్ సంగతీ ఇంతే. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా నాలుగు చక్రాల వేగాన్ని పోల్చి చూసే పరికరం అది. నేరుగా పోతున్నా వెనుక చక్రాలు 8 శాతం నెమ్మదిగా తిరుగుతుంటే దానికి వచ్చే లెక్కే తప్పు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగితే అదృష్టం. వెలగకుండా అవసరమైన వేళ తప్పు నిర్ణయం తీసుకుంటే అది ప్రమాదం.

మరి నాలుగూ 285/70 వేస్తే? తేడా పోతుంది, కానీ వేరే చిక్కులు వస్తాయి. వెనుక చక్రాల నుంచి వేగం లెక్కించే మీటరు 60 చూపిస్తుంటే బండి 65లో ఉంటుంది. గేర్లన్నీ 9 శాతం బరువెక్కినట్టు ఉంటాయి. మూడో గేరులో ఎక్కే ఎత్తుకు రెండో గేరు అడుగుతుంది. డిండి మీదుగా శ్రీశైలం వైపు ఎప్పుడైనా వెళ్లారా? దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో లోడుతో దిగండి, పెద్ద చక్రానికి పాత బ్రేకులు ఎంత చాలవో కాలికే తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. బ్లాకులు పెట్టి 2 అంగుళాలు లేపాం కాబట్టి చోటు ఉందని మీరు అనుకుంటున్నారు. బ్లాకు పెట్టినప్పుడు యాక్సిల్ కిందికి జరిగింది నిజమే, కానీ పైనున్న రబ్బరు స్టాపర్ అక్కడే ఉంది. పెద్ద గుంతలో కమాన్లు పూర్తిగా నలిగినప్పుడు యాక్సిల్ దాదాపు పాత ఎత్తుకే వస్తుంది. వ్యాసార్ధం 34 మి.మీ. పెరిగిన టైరు అప్పుడు అంత లోపలికి దూరుతుంది. అదీ 58 మి.మీ. బయట ఉండి, మడ్‌గార్డు అంచు కిందికే. రేకు అంచు టైరు భుజాన్ని కోయడానికి అలాంటి గుంత ఒకటి చాలు.

అందుకే ఖాళీ బండిని చదునైన గచ్చు మీద నిలబెట్టి ‘తగలడం లేదు’ అని తేల్చే షాపును నమ్మవద్దు. మీ పాత చక్రాలతోనే ఇలా కొలవండి. బండి నిండా లోడు వేయండి. ఒక వెనుక చక్రాన్ని జానెడు ఎత్తు దుంగ మీదకు ఎక్కించండి, ఆ వైపు కమాన్ నలుగుతుంది. తిన్నని ఇనుప పట్టీని టైరు బయటి ముఖానికి ఆనించి, అక్కడి నుంచి మడ్‌గార్డు అంచు ఎంత బయట ఉందో స్కేలుతో చూడండి. తర్వాత పడుకుని లోపల చూడండి. కమాన్ పట్టీ, యూ బోల్టు చివరలు, షాక్ అబ్జార్బర్ కింది కన్ను, హ్యాండ్ బ్రేకు కేబుల్, ఏబీఎస్ వైరు. వీటిలో టైరుకు అన్నింటికంటే దగ్గరగా ఉన్నది ఏదో కొలిచి రాసుకోండి. నేనైతే అక్కడ బొటనవేలు దూరకపోతే ఒప్పుకోను. మొరం దారిలో టైరుకు అంటిన రాయికీ బంకమట్టికీ కూడా చోటు కావాలి.

ఇక అందరూ వదిలేసేది, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది బరువు. మిర్యాలగూడ వైపు ఏ రైసు మిల్లు దగ్గరైనా ధర్మకాంట ఉంటుంది, మీ దారిలోనూ దొరుకుతుంది. నిండు లోడుతో వెళ్లి మొత్తం బండిని తూచిన తర్వాత, వెనుక చక్రాలు మాత్రమే కాంట మీద ఉండేలా ముందుకు జరిపి మరో చీటీ తీసుకోండి. రెండోది చాలామంది అడగరు, కానీ అసలు కావలసింది అదే. ఉదాహరణకు వెనుక 1,900 కిలోలు వచ్చిందనుకోండి, ఒక్కో చక్రం మీద 950. వంపులో బయటి చక్రం మీద ఇంకా ఎక్కువ. టైరు మీద కొలత పక్కనే రెండు మూడు అంకెలు ఒక అక్షరం ఉంటాయి. 110 అంటే 1,060 కిలోలు, 112 అంటే 1,120, 121 అంటే 1,450. 110 చూసి ‘సరిపోయింది’ అనుకోకండి. కారు రకం టైరును లోడు బండికి వేస్తే ఆ అంకెలో సుమారు పదో వంతు తగ్గించి లెక్కవేస్తారు. అప్పుడు 1,060 కాస్తా 960 అవుతుంది, మీ 950కి అంచున నిలుస్తుంది. కొలత ముందు ఎల్‌టీ అని ఉన్నవి లోడు కోసం చేసినవే, వాటికి ఈ కోత లేదు. కానీ ఎక్కువ గాలి పడితేనే అవి ఆ బరువు మోస్తాయి. డోరు దగ్గరి స్టిక్కరు మీదున్న గాలి అంకె పాత కొలత టైరుకే, కొత్తదానికి కాదు.

టైరు సరే, రిమ్ము సంగతి? అల్లాయ్ రిమ్ము వెనుక, ఆకుల (స్పోకుల) లోపలి ముఖం మీద, వెడల్పు, ఆఫ్‌సెట్, దానితో పాటు గరిష్ఠ లోడు పోతపోసి ఉంటుంది. కొన్నింటికి కిలోల్లో, కొన్నింటికి పౌండ్లలో. 2,000 పౌండ్లంటే 907 కిలోలే. మీ 950కి చాలదు. కార్ల కోసం చేసిన రిమ్ములపై 690 కిలోలు అని ఉన్నవీ నా షాపుకు వచ్చాయి, అవి లోడు పికప్పులకు బిగించుకోవడానికి! ఆ అంకే లేని రిమ్ము ఎంత మెరిసినా కొనకండి. టైరు మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో అప్పుడే చూడండి.

వెడల్పు టైరు బురదలో గట్టెక్కిస్తుందన్న నమ్మకం మీ ప్రశ్నలో కనిపించింది. సగమే నిజం. నేలను తాకే వైశాల్యం స్థూలంగా బరువును గాలి పీడనంతో భాగిస్తే వచ్చేదే. అదే గాలి ఉంచి వెడల్పు పెంచితే ముద్ర ఆకారం మారుతుంది, పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుంది, అంతే. సాగర్ ఎడమ కాలువ కింది నల్లరేగడిలో సన్న టైరు అడుగున ఉన్న గట్టి పొరను అందుకుంటుంది, వెడల్పుది పైన తేలుతూ బంకమట్టి నింపుకుని నున్నగా తిరుగుతుంది. మీ దేవరకొండ ఎర్ర చెలకల్లో, ఇసుకలో అయితే వెడల్పు కొంత మేలు, అదీ గాలి తగ్గించినప్పుడు. వానాకాలంలో హైవే మీద ఖాళీ పికప్ తోక ఎలాగూ తేలిక. దానికి వెడల్పు టైర్లు వేస్తే నీటి పొర మీద ఇంకా త్వరగా తేలుతుంది. నార్కట్‌పల్లి, చిట్యాల దగ్గర వాన పడుతుంటే వేగంగా నడిపేవారు ఇది గుర్తుంచుకోవాలి.

మరి ఏం చేయమంటారంటే, నాలుగు చక్రాలకూ ఒకే కొలత వేయండి. రిమ్ము 17 అంగుళాలు, వెడల్పు 8, ఆఫ్‌సెట్ ప్లస్ 20. టైరు 265/65 ఆర్17. దీని వ్యాసం 776 మి.మీ., పాతదానికంటే 2 శాతం లోపే ఎక్కువ. మీటరు, గేర్లు, బ్రేకులు ఏవీ గమనించవు. లోపలి అంచు ఉన్నచోటే ఉంటుంది. బయటికి మాత్రం 26 మి.మీ. వస్తుంది. అంటే పెరిగిన వెడల్పంతా బయటే కనిపిస్తుంది, బేరింగ్ మీద అదనపు భారం 13 మి.మీ. జరుగుడుకే. చూసేవాళ్లకు తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ‘అయితే ఆ 265 టైర్లు నా పాత 7 అంగుళాల రిమ్ములకే వేసుకుంటా’ అనకండి, ఆ టైరుకు కనీసం 7.5 అంగుళాల రిమ్ము కావాలి.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఇష్టం లేకపోయినా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీరు పెట్టించిన బ్లాకులను కూడా ఆ కళ్లతోనే చూస్తారు. బండి మొత్తం వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదన్న నిబంధన ఉంది కానీ పికప్ దాని దరిదాపులకు కూడా పోదు, దాన్ని చూపించి ధైర్యం చెప్పే షాపు మాట వినకండి. మీది పసుపు నంబరు ప్లేటు అయితే ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది, అక్కడ మడ్‌గార్డు దాటిన టైరు మొదట కంటపడుతుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కొర్రీ వేయడానికి కూడా ఇదే దొరుకుతుంది. కొనేముందు మీ మోడల్‌లోనే పై రకానికి కంపెనీ ఏ కొలతలు ఇచ్చిందో చూడండి. 265/65 అందులో ఉంటే మీ చేతిలో గట్టి సమాధానం ఉన్నట్టే.

బిగింపు గురించి కొంచెం. ఆరు బోల్టుల రిమ్ముకు పీసీడీ, అంటే బోల్టులు నిలిచే వలయం వ్యాసం, కొలవడం సులువు, ఒక స్టడ్డు నడిమి నుంచి ఎదురుగా ఉన్న స్టడ్డు నడిమికి 139.7 మి.మీ. రావాలి. ఐదు బోల్టులకైతే పక్కపక్క రెండింటి మధ్య దూరాన్ని 1.701తో గుణించాలి. పీసీడీ కలిసింది కదా అని సంబరపడకండి. హైలక్స్‌కూ డీమ్యాక్స్‌కూ పీసీడీ ఒకటే, మధ్య రంధ్రం ఒకటి కాదు. రిమ్ము రంధ్రం పెద్దదైతే అల్యూమినియం రింగు వేసి హబ్ మీద కుదిరేలా చూడండి. ప్లాస్టిక్ రింగు బ్రేకు వేడికి మెత్తబడుతుంది. ఘాట్ దిగి వచ్చిన బండికి అది నిలవదు.

హబ్ ముఖం మీద తుప్పు ఇనుప బ్రష్‌తో రుద్ది లోహం కనిపించేదాకా శుభ్రం చేయాలి. ఆ తుప్పు పెళ్ల మీదే కొత్త రిమ్ము కూర్చోబెడితే నట్లు బిగిసినట్టే ఉంటాయి, రెండు రోజులు తిరిగేసరికి పెళ్ల నలిగి వదులవుతాయి. నట్లు పాతవి వాడకండి. కంపెనీ అల్లాయ్‌లకు కొన్నింటికి వాషరుతో చదునైన నట్లు వస్తాయి, బయటి రిమ్ములకు ఎక్కువగా శంకువు ఆకారపు నట్లు కావాలి. ఒకటి కూర్చునే చోట మరొకటి పైపైనే ఆనుతుంది. 1.5 పిచ్ (మర గాళ్ల మధ్య దూరం మి.మీ.లో) ఉన్న 12 మి.మీ. స్టడ్డు మీద నట్టు కనీసం ఎనిమిది చుట్లు ఎక్కాలి. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. ఐదారు చుట్లకే ఆగిపోతే రిమ్ము మందం ఎక్కువ, లేదా మధ్యలో ఎవరో స్పేసర్ దూర్చారు. గాలి గన్నుతో చివరిదాకా బిగించనివ్వకండి. నట్లు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా బిగిస్తూ, చివర్లో టార్క్ రెంచితో మీ మాన్యువల్‌లో ఉన్న అంకెకు ఆపాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి.

గాలి ఉదయం పూట, బండి కదలకముందే కొలవండి. నల్లగొండ మే ఎండలో మధ్యాహ్నం చూసి ఎక్కువుందని తీసేస్తే, తెల్లవారేసరికి లోడు కింద టైరు పడుకుని ఉంటుంది. లోపల అంటించే బ్యాలెన్సింగ్ తూకాలు బురదలో ఊడిపోతాయి. అంటించే ముందు ఆ చోట థిన్నరుతో తుడవమనండి. హైవే మీద 80 దగ్గర స్టీరింగ్ వణికితే మొదట రిమ్ము లోపల ఎండిన మట్టిని చూడండి, అలైన్‌మెంట్‌కు పరుగెత్తకండి.

స్టెపినీ విషయం ఎవరూ అడగరు, మీరూ అడగలేదు. కొత్తవి నాలుగే కొని పాత చక్రాన్నే స్టెపినీగా ఉంచుకుంటే, 265తో దాని వ్యాసం తేడా తక్కువ కాబట్టి దగ్గర్లోని పంక్చరు షాపు దాకా నెమ్మదిగా పోవచ్చు, ఫోర్ బై ఫోర్ మాత్రం వేయకూడదు. కానీ పాత నట్లు దానికి వేరు, కొత్త రిమ్ము నట్లు వేరు. రాత్రిపూట డిండి దగ్గర ఆగిపోయి ఆ సంగతి అప్పుడు తెలుసుకోవడం ఎందుకు? ఐదో రిమ్ము కూడా అదే కొలతలో తీసుకోండి. షాపులో నాలుగే ఉన్నాయంటే బేరం అక్కడే ఆపి, ఐదు దొరికే చోటికి పోండి.